ఆట మధ్యలో ఆపకూడదు

వారంలో ఫ్రేమా కొట్టుకు గిరాకీ ఉండేది శుక్రవారమే. కుమాసీ పట్నంలో అంత్యక్రియల కార్యక్రమాలన్నీ శనివారం పెట్టుకుంటారు కాబట్టి చావుకు కట్టే ఎర్రగుడ్డ, నల్లగుడ్డ కావలసినవాళ్ళు శుక్రవారమే పరుగెత్తుకొస్తారు. ఆ రోజు కొట్టు మూసుకున్న గుడ్డల వర్తకురాలు మిగిలిన ఆరు రోజులూ ఈగలు తోలుకోవచ్చు. అందుకని ఆమె తన రోజును ముందురాత్రే కొలిచి కత్తిరించి పెట్టుకుంది. ఆరింటికి బజారు. రెండింటికి ఇల్లు. మూడింటికి మేనమామకు ఇస్త్రీ మడత విప్పి గుడ్డ కట్టించడం. నాలుగింటికి సెర్వా అవ్వ ఇంట్లో జరిగే వంశసభకు ఆయన్ని తీసుకెళ్ళడం.

ఆ సభలో తేలవలసింది ఆమె తల మీద ఉన్న కప్పు సంగతి. పాత వంశపెద్ద పోయి ఏడాదైంది. ఆయన పీటకు ఇద్దరు పోటీదారులు మిగిలారు. ఒకరు ఫ్రేమా మేనమామ సర్పాంగ్. డెబ్భై ఎనిమిదేళ్ళవాడు, నలభై ఏళ్ళు కలప లారీ నడిపాడు. రెండోవాడు ఆయన పిన్నమ్మ కొడుకు అంత్వి, మూడేళ్ళు చిన్న. ఫ్రేమా ఉంటున్న ఇల్లు వంశానిది. అందులో ఎవరుండాలో, ఎవరు లేచిపోవాలో వంశపెద్ద మాటే చెల్లుతుంది. తాను పీటెక్కిన మర్నాడే ఆ ఇంటి ముందుగోడ కొట్టించి సిమెంటు ఇటుకలు పోసే యార్డు పెడతానని అంత్వి వీధి వీధికీ చెప్పుకున్నాడు. ఫ్రేమా భర్త టకోరాడి ఓడరేవులో పనిచేస్తూ నెలకోసారి వచ్చిపోతాడు. కాబట్టి మూట సర్దుకోవలసి వస్తే సర్దుకునేది ఫ్రేమా, మూడేళ్ళు నిండని ఆమె కూతురు పొకువా, మేనమామా.

అంత్వి చేతిలో ఉన్న సరుకు ఒక్కటే, కాని దాన్ని బాగా అమ్ముతున్నాడు. అన్నకు వయసు మీద పడిందని, పొద్దస్తమానం చంటిపిల్లతో బొమ్మలాటలు ఆడుతున్నాడని, అలాంటివాడి చేతిలో వంశాన్ని పెడితే దాన్నీ బొమ్మలాట చేస్తాడని. సెర్వా అవ్వ తొంభై ఏళ్ళ మనిషి. వంశంలో ఆడవాళ్ళకు పెద్ద. ఆమె తలూపితేనే ఎవరైనా పీటెక్కేది. ఆవిడ ఇంతవరకు ఎటూ తలూపలేదు.

ఇంత కొలిచి కత్తిరించిన రోజులో ఒక మూల చిరిగింది. పొకువా వెళ్ళే శిశుతరగతి గోడలకు రంగులు వేస్తున్నారని ఆ శుక్రవారం పిల్లలకు సెలవిచ్చారు. ఫ్రేమా బుట్ట నెత్తికెత్తుకుని, వాకిట్లో ఆగి చెప్పింది.

"ఇవాళ ఒక్కరోజు మీ ఆటలు గేటు బయటికి కనబడకుండా ఆడండి, మామయ్యా. అంత్వి మామయ్య మనుషులు అటూ ఇటూ తిరుగుతుంటారు."

"ఆడేది గోడ లోపలే కదే. బయటికి ఏం కనబడుతుంది?" అన్నాడు సర్పాంగ్.

ఆయన చేతిలో అప్పటికే ఒక కాగితం ఉంది. శిశుతరగతి పంతులమ్మ ఇచ్చింది. చిన్నపిల్లలతో ఇంట్లో ఆడుకోదగ్గ ఊహల ఆటలు అని పైన రాసి ఉంది. కింద గుండ్రటి ముద్ర కూడా ఉంది. నలభై ఏళ్ళు చెక్‌పోస్టుల దగ్గర కాగితాలు చూపించి బతికిన మనిషికి ముద్ర ఉన్న కాగితం మీద గౌరవం ఎక్కువ. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివాడు. కొట్టు ఆట, వ్యాను ఆట, వంట ఆట, వైద్యం ఆట. కొత్తగా ఏమీ కొననక్కరలేదు, ఇంట్లో ఉన్న వస్తువులే చాలు. చివర నల్లటి అక్షరాలతో ఒక నియమం. ఆటను పిల్లే నడిపించాలి, పెద్దలు సరిదిద్దకూడదు, ఆట మధ్యలో ఆపకూడదు.

ముందు కొట్టు ఆట మొదలైంది. టమాటాలు అమ్ముదామా అని సర్పాంగ్ అడిగితే పొకువా అడ్డంగా తలూపింది. దానికి తెలిసిన కొట్టు ప్రపంచంలో ఒక్కటే, వాళ్ళమ్మది. ఆ కొట్టుకు తాడు కట్టి ఎర్రపట్టీలు, నల్లపట్టీలు వేలాడదీసి ఉంటాయి. పిల్ల లోపలికెళ్ళి మిగిలిన గుడ్డముక్కల సంచీని నేల మీద ఈడ్చుకుంటూ తెచ్చింది. ఇక్కడ కట్టు అని గేటు చూపించింది. అటువైపు వద్దు, లోపల కడదామని చెప్పబోయి సర్పాంగ్ నియమం గుర్తుకొచ్చి ఆగాడు. గేటు పైకమ్మీకి ఒక ఎర్రపట్టీ, ఒక నల్లపట్టీ, మళ్ళీ ఒక ఎర్రపట్టీ వరసగా కట్టాడు. తరవాత గంటసేపు బేరమాడాడు. పిల్ల గవ్వంత కూడా తగ్గించలేదు. అచ్చం తల్లి పోలికే అని ఆయన లోపల్లోపల సంతోషించాడు.

తరవాత వ్యాను ఆట. వ్యాను అంటే సీట్లుండాలి. వంశం సభలకని వరండా మూల ఒకదాని మీద ఒకటి పేర్చిన ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. ఆయన ఆరు కుర్చీలు వేసి, చాలా అని అడిగాడు. ఇంకా అంది పొకువా. వాకిలి నిండా నాలుగు వరసల్లో ఇరవై నాలుగు కుర్చీలూ పడేదాకా ఇంకా అంటూనే ఉంది. ఆయన డ్రైవరు, అది కండక్టరు. కేజేటియా, కేజేటియా అని వ్యాను వెళ్ళే బజారు పేరు అరుచుకుంటూ వరసల మధ్య తిరిగి, ఖాళీ కుర్చీల దగ్గర టిక్కెట్టు వసూలు చేసింది. టిక్కెట్టు ధర ఒక సీసామూత. సీసామూత తప్ప ఇంకేదీ ఆ వ్యానులో చెల్లదు.

వంట ఆటలో ఆయన పాత్ర తక్కువ. చేపల పులుసు కావాలని పిల్ల చెబితే, గిన్నెలో రాళ్ళూ ఆకులూ వేసి ఇచ్చాడు. చేప ఏదీ అని అడిగితే నువ్వే వెతుక్కో అన్నాడు. అది బల్ల మీద వెతుక్కుని, తళతళలాడే పొడుగాటి చేపనొకటి గిన్నెలో వేసి మూత పెట్టింది. ఆ చేప తన ఫోనని చూసుకునే తీరిక ఆయనకు లేదు. కాగితంలో తరవాతి ఆట చదువుకుంటున్నాడు.

వైద్యానికి ఆయనే రోగి. ఫ్రేమా సరుకులోని తెల్లగుడ్డ చుట్ట విప్పి, పిల్ల ఆయన్ని వరండాలో చాప మీద పడుకోబెట్టి, మెడ నుంచి కాళ్ళ దాకా చుట్టింది. జబ్బు ముఖానికి కూడా ఉందని చెప్పి, పౌడరు డబ్బా సగం ముఖం మీద గుమ్మరించింది. పుల్లతో భుజానికి సూది వేసింది. కళ్ళు మూసుకోమంది. ఊపిరి తీయొద్దంది. కదిలితే ఇంకో సూది పడుతుంది కాబట్టి ఆయన కదల్లేదు.

సరిగ్గా అప్పుడు వీధి చివర సజ్జగంజి అమ్మే అచియా ఖాళీ బకెట్లు పట్టుకుని గేటు ముందు నుంచి వెళుతోంది. రోజూలాగే "అగో" అని కేకేసి పలకరించబోయి, నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. గేటుకు ఎర్రపట్టీలు, నల్లపట్టీలు. వాకిట్లో వరసగా కుర్చీలు. వరండాలో తెల్లగుడ్డ చుట్టి, సున్నం కొట్టినట్టున్న ముఖంతో పెద్దాయన. పక్కన కూర్చున్న పసిపిల్ల గుడ్డ అంచు పట్టుకుని మెల్లగా ఆయన ముఖం మీదికి లాగి కప్పింది.

ఇంకొకచోటైతే అచియా గేటు తోసుకుని లోపలికెళ్ళి ఏమైందని అడిగేది. అడిగితే ఈ కథ అక్కడే చచ్చిపోయేది. కాని కుమాసీలో పెద్దమనిషి పోయిన సంగతి వీధిలో అడగరు, బజారులో చెప్పరు, అయినవాళ్ళ ముఖాన అసలే అనరు. ముందు వంశంలో పెద్దవాళ్ళకు చేరాలి. వాళ్ళు వచ్చి, కూర్చుని, పద్ధతి ప్రకారం నోరు విప్పేదాకా ఎవరూ ఏడవకూడదు కూడా. అచియా ఏడుపు మింగుకుని, బకెట్లు అక్కడే పడేసి, నేరుగా అంత్వి ఇంటికి నడిచింది. అక్కడ కూడా ఆమె జరిగిందేమిటో చెప్పలేదు.

"పెద్దాయనా, ఒక్కసారి మీ అన్నగారి గేటు చూసి రండి" అంది. అంతే.

అంత్వి వెళ్ళి వీధి మలుపు నుంచే గేటు చూశాడు. కుర్చీల వరసలు చూశాడు. వరండాలో చాప ఖాళీగా ఉంది. అంటే లోపలికి తీసుకెళ్ళారన్నమాట అనుకున్నాడు. నిజానికి లోపలికి ఎవరూ ఎవర్నీ తీసుకెళ్ళలేదు. రోగీ వైద్యురాలూ ఉడికించిన అరటికాయా చేమాకు కూరా తిని, తలుపు దగ్గరగా వేసి పడుకున్నారు. అంత్వి ఏడుసార్లు ఫోన్ చేశాడు. పులుసు గిన్నెలో, రాళ్ళ కింద, చేప ఏడుసార్లు మోగింది. ఎవరూ ఎత్తకపోవడంతో ఆయనకు ఉన్న ఆ కాస్త అనుమానం కూడా తీరిపోయింది. సెర్వా అవ్వకు కబురు వెళ్ళింది. నాలుగింటి సభ రద్దయింది. అందరూ నల్లబట్టల్లో సర్పాంగ్ ఇంటికి రావాలని ఆవిడ చెప్పింది.

బజారులో ఫ్రేమాకు ఆ మధ్యాహ్నం ఒక వింత ఎదురైంది. వంశంలో వరసకు అక్కలయ్యే ఇద్దరు కొట్టుకొచ్చి, తలా ఆరు గజాల నల్లగుడ్డ కోయించుకున్నారు. ఒక్కరూ బేరమాడలేదు. ఫ్రేమా ధర చెప్పడం, వాళ్ళు ఇచ్చేయడం. పదిహేనేళ్ళ వ్యాపారంలో నల్లగుడ్డకు బేరమాడని బంధువును ఆమె చూడలేదు. ఎవరి ఇంట్లో కార్యం అని అడిగింది. ఇద్దరూ పక్క కొట్టు వైపు చూశారు.

"నువ్వు ఇంటికి కాస్త తొందరగా వెళ్ళు తల్లీ" అంది పెద్దది, ఆమె చేయి నొక్కి.

తరవాత ఇంకో నలుగురొచ్చారు. వాళ్ళూ అంతే. ఎవరో గొప్పవాళ్ళే పోయి ఉంటారని, ఆ పోయినవాళ్ళెవరో మంచి గిరాకీ తెచ్చిపెట్టారని, లోపల దణ్ణం పెట్టుకుని ఫ్రేమా ఆఖరి ముక్క కూడా కోసి ఇచ్చింది.

రెండింటికి ఆమె వీధి మలుపు తిరిగేసరికి గేటుకు వేలాడుతున్న పట్టీలు కనబడ్డాయి. అవి తన సంచీలో గుడ్డముక్కలేనని అంచు చూడగానే గుర్తుపట్టింది. పిల్ల పనే అనుకుంది. కాని వాకిట్లో కుర్చీల నిండా జనం ఉన్నారు. ముందు వరసలో నల్లగుడ్డ కట్టుకుని, నుదుటికి ఎర్రపట్టీ చుట్టుకుని సెర్వా అవ్వ. ఆమె పక్కన, శుభానికైనా చావుకైనా మర్యాదకు తీసుకెళ్ళే ష్నాప్స్ సారా సీసా ఒళ్ళో పెట్టుకుని అంత్వి. వెనక వరసల్లో ఇందాక తన దగ్గర గుడ్డ కొన్నవాళ్ళందరూ.

ఫ్రేమా బుర్ర గబగబా కూడికలు వేసింది. సభ నాలుగింటికి అవ్వ ఇంట్లో కదా జరగాలి. రెండింటికే ఇక్కడికి వచ్చేసిందంటే నిర్ణయం అయిపోయిందన్నమాట. అంత్వి చేతిలో సీసా ఉందంటే ఎవరికి అనుకూలంగా అయిందో అడగనక్కరలేదు. ఈ నల్లగుడ్డలు ఎందుకో మాత్రం ఆమెకు అంతు చిక్కలేదు. సాయంత్రం వీళ్ళందరూ ఎవరి ఇంటికో పరామర్శకు వెళ్ళాలేమో అని సర్దుకుంది.

అడిగే వీలు లేదు. ఇంటికొచ్చినవాళ్ళకు ముందు మంచినీళ్ళివ్వాలి. తరవాత ఆ ఇంటి మగ పెద్దదిక్కు కూర్చుని, వచ్చిన పనేమిటని అడగాలి. ఆయన అడిగేదాకా వచ్చినవాళ్ళు చెప్పకూడదు. పెద్దల ముందు ఆడకూతురు అడగకూడదు. ఫ్రేమా నీళ్ళిచ్చింది. అందరూ తాగారు. మళ్ళీ ఇచ్చింది. మళ్ళీ తాగారు. ఎవరూ మాట్లాడలేదు. కాని అందరూ ఆమెను ఎంత జాలిగా చూస్తున్నారంటే, ఇల్లు పోయిందన్న సంగతి ఆమెకు ఇక రూఢి అయిపోయింది. మూడోసారి గ్లాసు అందుకుంటూ సెర్వా అవ్వ ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"ధైర్యంగా ఉండు బిడ్డా. మేమందరం లేమా" అంది అవ్వ.

ఆ మాటతో ఫ్రేమాకు కళ్ళలో నీళ్ళు ఆగలేదు. ఈ ఇంట్లోనే పుట్టింది. ఈ వాకిట్లోనే నడక నేర్చుకుంది. ఇప్పుడు ఇక్కడ సిమెంటు ఇటుకలు ఆరబెడతారు. ఆమె ఏడవడం చూసి, ఇక కబురు తెలిసిపోయిందని వెనక వరసల్లో ఆడవాళ్ళు కూడా ఏడుపు మొదలెట్టారు. ఇల్లు పోయినందుకు చుట్టాలు ఇంతలా ఏడుస్తారని ఆమె ఊహించలేదు. ఆ దుఃఖంలో కూడా అది ఆమెకు కొంచెం విచిత్రంగా తోచింది. కళ్ళు తుడుచుకుని, మామయ్యను లేపుదామని లోపలికెళ్ళింది.

సర్పాంగ్ ముఖమంతా పౌడరుతో, కప్పుకున్న తెల్లగుడ్డతో, గురక పెడుతున్నాడు. పక్కన చాప ఖాళీగా ఉంది. పిల్ల అప్పటికే లేచి ఎటో పోయింది.

"లేవండి మామయ్యా. సభ మన వాకిట్లోకే వచ్చేసింది. ఇల్లు పోయినట్టే."

ఆయన లేచి కూర్చుని, కిటికీ రెక్కల సందులోంచి బయటికి చూశాడు. చాలాసేపు చూశాడు. కలప లారీ ఆగిపోతే కిందికి దిగి ఎక్కడ చెడిందో ఒక్కో భాగమే చూసుకున్నట్టు, గేటు మీది ఎర్రపట్టీలు చూశాడు. కుర్చీలు చూశాడు. తన ఒంటి మీది తెల్లగుడ్డ చూసుకున్నాడు. బుగ్గ మీద వేలితో రాసి పౌడరు చూసుకున్నాడు.

"ఫ్రేమా, పోయింది ఇల్లు కాదు. నేను" అన్నాడు.

ఆమెకు అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. అర్థమయ్యాక వెంటనే తలుపు వైపు తిరిగింది. సర్పాంగ్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఎక్కడికి?"

"చెప్పొద్దూ? పాపం, ఏడుస్తున్నారు."

"ఏడవనీ. డెబ్భై ఎనిమిదేళ్ళు బతికా. నా వెనకాల ఏమనుకుంటారో ఒక్కసారైనా వినొద్దా?"

"తప్పు మామయ్యా."

"కాగితం చదువుకోలేదా? ఆట మధ్యలో ఆపకూడదు. కింద ముద్ర కూడా ఉంది."

ఫ్రేమా వర్తకురాలు. ఇప్పుడు బయటికెళ్ళి నిజం చెబితే ఏమవుతుంది? పెద్దల్ని అవమానించారన్న కోపం, బొమ్మలాటల ముసలాడన్న మాటకు పదిమంది సాక్ష్యం, సాయంత్రానికి పీట అంత్వికి. చెప్పకపోతే ఏమవుతుందో ఆమెకు తెలియదు. తెలిసిన నష్టం కన్నా తెలియనిది కాస్త మేలనిపించింది. పైగా మామయ్య గురించి అంత్వి ఏమంటాడో ఆమెకూ తెలుసుకోవాలనుంది. కిటికీ రెండో రెక్క దగ్గర ఆమె చెవి పెట్టింది.

బయట పొకువా తన వ్యానులోకి వచ్చింది. పొద్దున ఖాళీగా ఉన్న సీట్లన్నీ ఇప్పుడు నిండాయి. కండక్టరుకు ఇంతకన్నా మంచి రోజు ఉండదు. కేజేటియా, కేజేటియా అని పిలుస్తూ మొదటి వరస దగ్గరికొచ్చింది. అంత్వి దాన్ని దగ్గరికి తీసుకుని, బొంగురు గొంతుతో అడిగాడు.

"తాత ఏడమ్మా?"

"తాతకి సూది వేశా."

"తరవాత?"

"ముఖం మీద గుడ్డ కప్పా."

వరసలన్నీ ఒక్కసారి నిట్టూర్చాయి. పసిదాని చేతుల మీదుగా జరిగిపోయింది అని ఎవరో అన్నారు. పొకువా నిట్టూర్పులు పట్టించుకోలేదు. చెయ్యి చాపి టిక్కెట్టు అంది. అంత్వికి గుండె కరిగిపోయింది. జేబులోంచి ఒక నోటు తీసి చేతిలో పెట్టాడు. అది నోటును అటూ ఇటూ తిప్పి చూసి, ఇది కాదు అని ఆయన ఒళ్ళో పడేసింది. ష్నాప్స్ సీసా మీదున్న మూత చూపించింది.

అది ఇవ్వను అనడానికి అంత్వికి మనసు రాలేదు. తాత పోయిన పిల్ల. ఆయన మూత తిప్పి ఊడదీసి ఇచ్చాడు. పొకువా దాన్ని గుప్పిట్లో పెట్టుకుని, రెండో వరసకు వెళ్ళిపోయింది. మూత తీసిన సీసా అంత్వి చేతిలో మిగిలింది. సెర్వా అవ్వ ఆ సీసా వైపు చూసింది.

"తెరిచాక పొయ్యాలి కదరా. లేచి పొయ్యి" అంది.

పొయ్యాలంటే నిలబడాలి. నిలబడి పూర్వీకుల పేర్లు తలుచుకుంటూ నేల మీద చుక్కలు వదలాలి. పోయినవాడి గురించి నాలుగు మాటలు చెప్పాలి. అంత్వి నిలబడ్డాడు. ముందు పూర్వీకుల పేర్లు తలిచి చుక్కలు వదిలాడు. తరవాత అన్న సంగతికొచ్చాడు. పోయినవాడికి ఇచ్చే పొగడ్తకు పెట్టుబడి అక్కరలేదు కాబట్టి, ఎంత పిసినారైనా ఆ పూట ధారాళంగానే ఇస్తాడు. అంత్వి చాలా ఇచ్చాడు. అన్న చేతిలో స్టీరింగు ఎంత నిలకడగా ఉండేదో, అన్న నోట అబద్ధం ఎలా నిలిచేది కాదో చెప్పాడు. అవతల అచియా ముక్కు చీదింది. ఆ చప్పుడు ఆయనకు మరింత ఊపునిచ్చింది.

"ఇవాళ సాయంత్రం ఆ పీట మీద మా అన్నే కూర్చోవలసింది" అన్నాడు అంత్వి. "నేను పోటీకొచ్చాను. తప్పు నాది. ఆయన కాలిగోటికి చాలను. సెర్వా అవ్వ వినాలి, మీరందరూ వినాలి. ఆయన ఉన్న ఈ ఇంటి జోలికి నేను రాను. ఈ గోడలో ఒక్క ఇటుక కదిపితే నన్నడగండి."

లోపల ఫ్రేమా చెవి రెక్కకు ఇంకా దగ్గరగా ఆనించింది. సర్పాంగ్ కళ్ళు తుడుచుకున్నాడు. బుగ్గల మీద పౌడరు చారలు కట్టింది. అక్కడితో అంత్వి కూర్చుని ఉంటే, సర్పాంగ్ నిశ్శబ్దంగా ముఖం కడుక్కుని, పెరటి తలుపు గుండా గౌరవంగా వచ్చేవాడేమో. కాని మాటలు బాగా అతుకుతున్నప్పుడు మధ్యలో ఆపడం ఎవరి తరమూ కాదు.

"మా లారీ ఓఫిన్ నదిలోకి జారినరోజు ఎవరూ మరిచిపోరు" అన్నాడు అంత్వి. "నీళ్ళు నల్లగా తిరుగుతున్నాయి. అన్న మునిగిపోతున్నాడు. నేను దూకాను. చొక్కా కాలరు పట్టుకుని అన్నను ఒడ్డుకు లాగాను."

కిటికీ రెక్క ఫట్‌మని తెరుచుకుంది.

"ఎవరు ఎవర్ని లాగారురా?"

ఏడుపులు ఆగిపోయాయి. రెక్క సందులో తెల్లటి ముఖం ఒకటి, చారలు పడి, కళ్ళు ఎర్రబడి.

"కాలరు నీదిరా. చెయ్యి నాది. చెప్పు సరిగ్గా."

ఆ తరవాత జరిగింది వరసగా చెప్పడం కష్టం. మూడో వరసలో నాలుగు కుర్చీలు వెనక్కి పడ్డాయి. అచియా గేటు దాకా పోయి, ఏమవుతుందో చూడకుండా ఉండలేక వెనక్కి వచ్చింది. అంత్వి సీసాను రెండు చేతులతో గుండెకు హత్తుకుని ఉన్నచోటే బిగుసుకుపోయాడు. సెర్వా అవ్వ మాత్రం కుర్చీలోంచి కదల్లేదు.

"లాగింది సర్పాంగే. ఆ తడిబట్టలు ఉతికింది నేను. నాకు తెలుసు" అంది ఆవిడ. ఆ తరవాత కిటికీ వైపు తిరిగింది. "బతికే ఉంటే బయటికి రారా. లోపల నుంచి మాట్లాడితే మర్యాద కాదు."

సర్పాంగ్ తెల్లగుడ్డను ఒక భుజం మీదుగా పెద్దరికంగా చుట్టుకుని బయటికొచ్చాడు. ముఖం కడుక్కోవడం మరిచిపోయాడు. పొకువా ఆయన్ని చూసి, సూది అవలేదు, పడుకో అంది. ఆయన దాన్ని ఎత్తుకుని, ఇంటి పెద్దదిక్కు కూర్చోవలసిన కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా వరసల్లో మిగిలినవాళ్ళు మెల్లమెల్లగా కూర్చున్నారు. కొందరు ఆయన నీడ నేల మీద పడుతోందో లేదో వంగి చూసుకున్నారు.

ఫ్రేమాకు అప్పుడొక్క క్షణం భయం వేసింది. వీళ్ళకు ఇప్పుడు ఏం చెప్పాలి? పిల్ల ఆట అని చెబితే అంత్వి ఏడాదిగా అమ్ముతున్న మాట నిజమైపోతుంది. ఆమె మామయ్య ముఖం వైపు చూసింది. ఆయన ఏమీ చెప్పబోలేదు. ఆయన అడగబోతున్నాడు.

"నీళ్ళు తాగారా?" అన్నాడు.

తాగామన్నారు.

"అయితే చెప్పండి. ఇంతమంది కలిసి మా ఇంటికి వచ్చిన పనేమిటి?"

పద్ధతి ప్రకారం అడిగిన ప్రశ్న అది. అడిగాక జవాబు చెప్పి తీరాలి. వచ్చినవాళ్ళ తరఫున చెప్పవలసింది సీసా తెచ్చినవాడు. అంటే అంత్వి. నువ్వు చచ్చిపోయావని ఏడవడానికి వచ్చాం అని కుర్చీలో కూర్చున్న మనిషి ముఖం మీద అనడం ఏ పద్ధతిలోనూ లేదు. అలా అన్నవాడి మీద పడే అపరాధం ఒక గొర్రెను ఇచ్చుకున్నా తీరేది కాదు. ఆయన వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఉన్నవాళ్ళందరూ పక్కకు చూశారు. సెర్వా అవ్వ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఏం చెబుతాడోనని ఎంతో ఆసక్తిగా చూస్తోంది.

"మేం వచ్చింది..." అన్నాడు అంత్వి. సీసా చూసుకున్నాడు. "అన్నా, ఈ సీసా ఇవ్వడానికి వచ్చాం."

"సీసా ఎందుకు?"

"పీట నువ్వే ఎక్కాలని."

"ఎవరనుకున్నారు?"

"నేనే అనుకున్నా. ఇందాక చెప్పా కూడా. అందరూ విన్నారు."

"నేనూ విన్నా" అన్నాడు సర్పాంగ్. "ఇటుకల సంగతి కూడా ఏదో అన్నావు."

అంత్వి గోడ వైపు చూశాడు. నిట్టూర్చాడు. కదపనన్నాను కదా అన్నాడు.

సెర్వా అవ్వ అప్పుడు తలూపింది. ఏడాదిగా అందరూ ఎదురుచూసిన తలూపు అది, ఇంత చిన్నగా ఉంటుందని ఎవరూ అనుకోలేదు. పగలంతా చంటిపిల్ల చెప్పినమాట వినగలిగినవాడు వంశం చెప్పినమాట కూడా వింటాడులే అంది. సీసాలో మిగిలినది గ్లాసుల్లోకి పోశారు. ఏడుసార్లు ఫోన్ చేస్తే ఎందుకెత్తలేదని అంత్వి నిలదీశాడు. ఇల్లంతా వెతికాక పొకువా పులుసు గిన్నె మూత తీసి చేప చూపించింది. మంచి జరిగినరోజు అందరూ తెల్లబట్టల్లో ఉండవలసింది, కాని అక్కడ తెల్లబట్టల్లో ఉన్నది ఒక్క సర్పాంగే. గుడ్డలు కొన్న అక్కలు ఇద్దరూ ఫ్రేమాను పక్కకు పిలిచి, ఆరు గజాలూ వెనక్కి తీసుకుంటావా తల్లీ అని అడిగారు.

"కోసిన గుడ్డ తీసుకోను అక్కా" అంది ఫ్రేమా. "దాచుకోండి. మామయ్యకు డెబ్భై ఎనిమిదేళ్ళు."

తరవాతి శుక్రవారం నాటికి శిశుతరగతి గోడలకు రంగు ఆరిపోయింది. ఆ పొద్దున్నే ఫ్రేమా బజారులో తాడు కట్టి పట్టీలు వేలాడదీస్తుంటే అంత్వి వచ్చాడు. బిస్కెట్ల పొట్లం ఒకటి ఆమె చేతిలో పెట్టి, పొకువాకు అన్నాడు. ఎండ గురించి మాట్లాడాడు. కోకో పంట గురించి మాట్లాడాడు. పక్క కొట్టువాళ్ళు వినడం లేదని చూసుకుని, కాస్త ముందుకు వంగాడు.

"ఆరోజు మీ మామయ్య అన్నీ విన్నాడు కదా" అన్నాడు. "నాకూ డెబ్భై అయిదొచ్చాయి. నా గురించి ఏమనుకుంటారో ఏమో. పిల్లకు సెలవెప్పుడుంటుంది? మా ఇంట్లో కుర్చీలు ముప్ఫై ఉన్నాయి."

ఫ్రేమా కొలకర్ర చేతిలోకి తీసుకుని, గేటు వెడల్పెంతో అడిగింది.